కొంగు మీద పంచాయితీ

"గీ చీరెనే గదా నా ఇంటిని బజార్ల పడేసింది."

ఆండాళు ఆ నారాయణపేట పట్టుచీరను ముద్దగా చుట్టి నట్టింట్లోకి విసిరింది. నేనూ రఘుపతీ అప్పుడే గడప దాటాం. చెప్పులు విడిచిన చోటే నిలబడిపోయాం.

కోడలు శ్రీలత వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉంది. పోయిన ఆదివారం మహబూబ్‌నగర్‌లో సెమీఫైనల్ ఆడినప్పుడు ఆమె కట్టుకున్న చీర అది. ఆమె మొగుడు దివాకర్ కుర్చీలో తల వంచుకుని ఫోన్‌ను బోర్లా పెట్టి, వెల్లకిలా పెట్టి, మళ్లీ బోర్లా పెడుతున్నాడు. ఇంటి పెద్ద, ఆండాళు మొగుడు, మా బ్రిడ్జి పేకాట జట్టు కెప్టెన్ దశరథం కిటికీ దగ్గర మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు.

"కూసో వదినె," అంది ఆండాళు నన్ను చూసి. "నువ్వు సుత చూసినవా ఆ వీడియో?"

"చూసిన."

"చూడనోడు ఎవడున్నడు నల్లగొండల? పాలు పోసేటోడు సుత నా మొకం చూసి నవ్వవట్టె."

చూసినప్పటి నుంచీ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. అందులో బల్లకు ఒక వైపు దశరథం, ఎదురుగా శ్రీలత. ఆయన ముక్క వేసినప్పుడల్లా ఆమె భుజం మీది కొంగు పైకి లాక్కుంటుంది. ఆ లాక్కోవడాలన్నీ ఒకదాని పక్కన ఒకటి అతికించి, వెనక ఒక సినిమా పాట పెట్టి, పైన రాశాడు ఎవడో పనిలేని వెధవ: మామకు కోడలి కొంగు సైగ.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. చేతిలో ఏమున్నదో ఒకరికొకరు బిడ్ పలికే, అంటే వేలంలో లాగా పాట పాడే చెప్పుకోవాలి, అదీ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలిసేలా. కన్ను గీటినా, దగ్గినా, గాజు సవరించినా సైగ చేశారనే అంటారు. అంటే దొంగాట. ఆట తెలిసినవాళ్లు ఆ వీడియో చూసి వీళ్లను దొంగలన్నారు. ఆట తెలియనివాళ్లు అంతకంటే పాడుమాట అన్నారు. మామ, కోడలు, కొంగు. అలాంటివాళ్లకు ఇంక ఆట ఎందుకు?

రఘుపతి గొంతు సవరించుకున్నాడు. కేతేపల్లిలో ఎరువుల దుకాణం ఆయనది. మా జట్టులో నా జోడీ. రైతులతో బేరమాడి బేరమాడి ఏ మాటైనా సూటిగా చెప్పేస్తాడు.

"పోటీల కమిటీ పెద్ద వెంకటనర్సు వకీల్‌సాబ్ ఫోన్ చేసిండు. రేపు ఫైనల్ కంటే ముందు మనం కమిటీ ముంగట కూసోవాలట. సైగలని తేలితే సెమీఫైనల్ మనం గెలిచింది చెల్లదు. వీళ్లిద్దరిని ఇంకెక్కడ ఆడనియ్యరు."

"ఆడకుంటే ఏం కొంపలు మునుగుతయన్నా?" దివాకర్ తల ఎత్తకుండానే అన్నాడు. "బంజేస్తే నాలుగు రోజులల్ల అందరు మర్చిపోతరు."

శ్రీలత గుమ్మం వదిలి ముందుకు వచ్చింది.

"నేను మర్చిపోవాలె గదా. సోమవారం బడికి పోయేది నేను. బోర్డు మీద లెక్క రాద్దామని అటు తిరిగితే, తొమ్మిదో తరగతి పోరగాళ్లు కొంగు గుంజుకున్నట్టు చేసి నవ్వుతున్నరు. ఆట పోతే పోనియ్యి. ఆ పేరు ఎట్ల పోతది?"

"నేనేం చెయ్యాలె మరి?"

"వీడియో తీసింది నువ్వే గదా?"

అవును, తీసింది దివాకరే. పెళ్లాం గెలుస్తోందన్న సంబరంతో గోడ పక్కన నిలబడి ఆటంతా తీశాడు. స్టేటస్ పెట్టుకున్నాడు. దాన్ని ఎవడో కత్తిరించి ఊరి మీదికి వదిలాడు.

"మంచిగనే పెట్టిన," అన్నాడు. "గిట్ల చేస్తరని నాకేం ఎర్క?"

"మంచిగనే పెట్టినవు. కాదంటలేను. గా పూర్తి వీడియో నీ ఫోన్లనే ఉన్నది. వారం నుంచి ఉన్నది. అది మళ్ల పెట్టి, నా పెండ్లాం దొంగ కాదు అని రాసినవా?"

"పెడితే ఇంక ఎక్కువ మంది చూస్తరని..."

ఆ మాట పూర్తి చేయలేదు వాడు. పూర్తి చేసి ఉంటే నేనే వాడి చెంప పగలగొట్టేదాన్ని. దవాఖానలో హెడ్ సిస్టర్‌గా ఎంతమంది మొగుళ్లను చూశాను నేను. పెళ్లాం నొప్పులు పడుతుంటే బయట బీడీ కాలుస్తూ 'నేనేం చెయ్యాలె సిస్టర్' అనే రకం వీడు.

శ్రీలత మొగుణ్ణి వదిలి అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా. నేను కొంగు ఎందుకు సదురుకుంటనో రేపు కమిటీ ముంగట చెప్పుమంటరా?"

ఆండాళు కింద పడ్డ చీరను చూసింది. ఎందుకో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

కరోనా కాలంలో అందరూ ఇళ్లల్లో పడి ఉన్నప్పుడు దశరథానికి పిచ్చెక్కినంత పనైంది. ఆయన నారాయణపేట మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. తమ్ముడు ఇప్పటికీ అక్కడే నేస్తున్నాడు, ఈ చీర నేసి పంపింది కూడా ఆయనే. ఈయన మాత్రం నల్లగొండ నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఇంజనీర్ల క్లబ్బులో నాలుగో మనిషి బదిలీ మీద పోతే, ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఆట సాగదని ఈయన్ని లాక్కెళ్లి కూర్చోబెట్టారు. అప్పటి నుంచి బ్రిడ్జి ఆయన ప్రాణం. నాకు నేర్పింది కాలు విరిగి మా వార్డులో పడున్న ఒక లెక్చరర్. రఘుపతి హాస్టల్లో రమ్మీ ఆడి వార్డెన్ చేతిలో తన్నులు తిని ఇటు మళ్లాడు. నేను దవాఖాన వదిలే, రఘుపతి ఇల్లు కదిలే వీల్లేక, ఆయన ఇంట్లోవాళ్లకే ఆట నేర్పాడు.

దివాకర్ విసుక్కుంటూ ఆడాడు. ఆండాళు తిట్టుకుంటూ ఆడింది. శుక్రవారం పూట ఇస్పేటు పలకనని, ఇంట్లో నలుపు మాట వద్దని పంతం పట్టేది. కట్టంగూర్ రైతుబిడ్డ శ్రీలత మాత్రం నెల తిరిగేసరికి మామను ఓడించడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆండాళు ఒక షరతు పెట్టింది. మామకు ఎదురుగా కోడలు కుర్చీ వేసుకుని కూర్చోవడమే తప్పు. కూర్చుంటే భుజం నిండా కొంగు ఉండాలి, ఆయన చెయ్యి ముందుకు చాపినప్పుడల్లా చూసుకోవాలి, జారనివ్వకూడదు. శ్రీలత ఆ షరతును ఎంత బుద్ధిగా పాటించిందంటే, ఇప్పుడు ఆమెకు తెలియకుండానే చెయ్యి పోతుంది. పట్టుచీర అయితే మరీను, నిలిస్తే కదా.

"చెప్పకు," అంది ఆండాళు చివరికి.

"ఎందుకు?"

"ఇంటి మాట ఇంట్లనే ఉండాలె. నా కోడలు మామ ముంగట కొంగెట్ల కప్పుకుంటదో ఆ క్లబ్బుల కూసున్న మొగోళ్లకు నేను చెప్పుకోవాల్నా? ఉన్న ఇజ్జత్ సుత తీస్తరా? నా పేరు సుత ఆ జట్టుల రాయించిన్రు మీరు. ఏం ఖర్మ నాకు."

అదీ నిజమే. జట్టులో అదనంగా ఒకరి పేరు ఇవ్వొచ్చంటే, ఎవరికైనా జ్వరమొస్తే పనికొస్తుందని రఘుపతి ఐదో పేరుగా ఆండాళుది ఇచ్చాడు. అప్పుడు అందరం నవ్వుకున్నాం.

"అయితే నన్నేం చెప్పుమంటరు?" శ్రీలత గొంతు పెరిగింది. "చెయ్యమన్నది మీరు. చేసింది నేను. బద్నాం అయ్యింది నేను. ఇప్పుడు నోరు మూసుకోవాల్సింది సుత నేనేనా?"

అంతసేపూ కిటికీ వైపే తిరిగి ఉన్న దశరథం ఇటు తిరిగాడు. కోడలి మొహంలోకి చూడలేదు. స్టూలు మీది ఫోన్ తీసుకుని, "జర గాలికి పోయొస్త," అని మిద్దె మెట్లెక్కి పోయాడు.

ఆయనకు తల తిరుగుతోందేమో అనుకున్నాను. బీపీ మాత్ర వేసుకున్నారా అని వెనక నుంచి అడిగాను కూడా.

* * *

మరునాడు పొద్దున్నే రఘుపతి కారులో మహబూబ్‌నగర్‌కు బయలుదేరాం. దివాకర్ రానన్నాడు. ఆఫీసు పనుందట, ఆదివారం పూట. శ్రీలత అతని ముందు నిలబడి చెయ్యి చాపింది.

"నీ ఫోన్ ఇయ్యి."

"ఎందుకు?"

"నువ్వు చూపియ్యని వీడియో నేను చూపిస్త."

ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆమె ఆగలేదు.

కారు కదలబోతుంటే ఆండాళు ఇంటికి తాళమేసి వచ్చింది. "జరుగు వదినె," అని నా పక్కన కూర్చుంది. ఎందుకు వస్తున్నావని ఎవరమూ అడగలేదు. అడిగితే దిగిపోతుందేమోనని నా భయం.

మల్లేపల్లి దాటాం. కల్వకుర్తిలో చాయ్ తాగడానికి ఆగితే, దశరథం కప్పు చేతిలో పట్టుకుని చల్లారిందాకా అలాగే నిలబడ్డాడు.

"మామయ్యా, ఫికర్ చెయ్యకుండ్రి," అంది శ్రీలత. నిన్న అంత మండిపడ్డ పిల్ల, ఆయన్ని అలా చూసి కరిగిపోయింది. "మనం తప్పు చెయ్యలేదు. నేను చెప్పుత."

"నువ్వేం చెప్పద్దు బిడ్డా," అన్నాడాయన. "అంత సదురుకుంటది."

ఎలా సర్దుకుంటుందో చెప్పలేదు. కప్పు అక్కడే పెట్టి కారెక్కాడు.

* * *

క్లబ్బు వెనక గదిలో ఆట బల్ల మీద కొత్త పేక విప్పకుండా ఉంది. వెంకటనర్సు దాని పక్కన కూర్చున్నాడు. ఆయన ఎడమ పక్కన అశోక్‌కుమార్. సెమీఫైనల్లో మా చేతిలో ఓడిన హైదరాబాద్ జట్టు కెప్టెన్, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఫిర్యాదు చేసింది ఆయనే. ఫిర్యాదు చేసినవాడు కమిటీ పక్కన కూర్చోవడమేమిటో నాకు అర్థం కాలేదు. అడిగాను. వెంకటనర్సు వినపడనట్టు గోడ వైపు చూశాడు.

ఆ వీడియో వేశారు. పాటతో సహా. దశరథం తల దించుకుని ఒక కుర్చీలో కూర్చున్నాడు.

"వ్యక్తిగతంగా తీసుకోకండి," అన్నాడు అశోక్‌కుమార్. "ఈ ఆటకు ఒక సంస్కారం ఉంది. తరాల నుంచి ఆడుతున్న కుటుంబాల్లో అది సహజంగా వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఏది మర్యాదో, ఏది కాదో తెలియకపోవచ్చు. ఇళ్లల్లో పేకాడినట్టు ఇక్కడ కుదరదు."

నేను అడ్డు తగిలాను.

"మీ జోడీ ఆయన బిడ్ పలికే ముందర ప్రతిసారీ కళ్లజోడు తీసి తుడుస్తడు. అది ఏం సైగ సార్?"

"అది ఆయన అలవాటు."

"ఇది ఈమె అలవాటు. కళ్లజోడు అలవాటయితది గాని కొంగు అలవాటు కాదా? కళ్లజోడును ఎవలు వీడియో తియ్యలేదు, పాట పెట్టలేదు. మొగోని కళ్లజోడు ఎవలకు గావాలె."

"అమ్మా, మీరు ఆగండి," అన్నాడు వెంకటనర్సు. "అసలు ఆ కొంగు అన్నిసార్లు ఎందుకు లాక్కోవాలి? అది చెప్పమనండి."

శ్రీలత అత్త వైపు చూసింది. చెప్పలేదు. చెప్పనని నిన్న మాట ఇవ్వలేదు ఆ పిల్ల. అయినా అత్త మాట దాటలేకపోయింది.

గోడకు ఆనుకుని నిలబడ్డ ఆండాళు నెత్తి మీది కొంగు సవరించుకుంది.

"నేను చెప్పుత. కప్పుకొమ్మన్నది నేను."

గదిలో మగవాళ్లందరూ ఆమె వైపు తిరిగారు.

"మామ ముంగట కూసుంటే భుజం నిండ కప్పుకోవాలె, ఆయన చెయ్యి చాపినప్పుడల్ల చూసుకోవాలె అని నేనే చెప్పిన. మా ఇంట్ల గట్లనే. మా అత్త నాకు చెప్పింది, నేను నా కోడలికి చెప్పిన. మర్యాద తెల్వదన్నవు గదా సారూ. మర్యాదకే చేసింది నా కోడలు."

ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

శ్రీలత దివాకర్ ఫోన్ తీసి వెంకటనర్సు ముందు పెట్టింది.

"సార్, ఇది పూర్తి వీడియో. మీరు చూసిన దాంట్ల బల్ల మీది ముక్కలు కనపడకుండ కత్తిరించిన్రు. ఇక్కడ చూడుండ్రి. బిడ్ మాది. మామయ్య ఆడుతున్నరు. నేను డమ్మీ."

డమ్మీ అంటే, బిడ్ గెలిచిన జోడీలో ఒకరే ఆడతారు. రెండోవారు తమ ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి చేతులు కట్టుకుని కూర్చుంటారు. వీడియోలో శ్రీలత ముక్కలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి, అందరి కళ్ల ముందూ. దశరథం ముక్క తీయడానికి చెయ్యి చాపాడు. శ్రీలత చెయ్యి కొంగు మీదికి పోయింది. మళ్లీ చాపాడు, మళ్లీ పోయింది.

"నా ముక్కలు అందరికి కనపడుతున్నయి. మీకు సుత కనపడుతున్నయి అశోక్‌కుమార్ సార్, పక్కనే కూసున్నరు మీరు. ఇంక నేను సైగ చేసి మామయ్యకు ఏం చెప్పాలె?"

అశోక్‌కుమార్ ఫోన్ మీదికి వంగి చూశాడు. వెనక్కి వాలాడు. కళ్లజోడు ఉంటే ఆయన కూడా తుడుచుకునేవాడే.

రఘుపతి తొడ మీద చరుచుకున్నాడు. నేను శ్రీలత చెయ్యి పట్టుకున్నాను. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. పక్క గదిలోకి పోయి ఫైనల్ ఆడటమే మిగిలింది అనుకున్నాను.

"అమ్మాయి చెప్పింది సబబుగానే ఉంది," అన్నాడు వెంకటనర్సు నెమ్మదిగా. "కానీ నేనేం చెయ్యను? నిన్న సాయంత్రం మీ మామగారే నాకు ఫోన్ చేసి ఒప్పుకున్నారు."

"ఏం ఒప్పుకున్నరు?"

"పిల్లకు ఏ పాపమూ తెలియదు, ఆమె అలవాటును గమనించి నేనే వాడుకున్నాను, తప్పు నాది, ఆమెను మాత్రం పదిమందిలో ప్రశ్నలు అడగొద్దు అన్నారు. ఒప్పుకున్నాక ఇంక విచారణ ఏముంది? మీరు వచ్చారు కాబట్టి విన్నాం."

మిద్దె మెట్లు గుర్తొచ్చాయి నాకు. గాలికి పోయొస్తానన్న మాట గుర్తొచ్చింది. బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగాను నేను, పిచ్చిదాన్ని.

శ్రీలత మామ దగ్గరకు వెళ్లి నిలబడింది.

"నిజమేనా మామయ్యా?"

"నిన్ను నిలబెట్టి అడుగుతరని తెల్సు బిడ్డా. కొంగు గురించి, ఇంటి గురించి. ఆడపిల్లను అందరి ముంగట... నేను చూడలేను. ముసలోణ్ని, నాకు పేరు పోతే ఏమాయె."

"మీరు నా అలవాటు వాడుకున్నరా?"

"లేదు."

"మరి వాడుకున్ననని చెప్పిన్రు."

"ఇంటి ఇజ్జత్ కోసం..."

"ఆ ఇజ్జతుల నేను లేనా?" ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. "నిన్నటిదాక నేను దొంగను. ఇప్పుడు దొంగకు కోడలిని. గంతేనా మామయ్యా మీరు చేసిన సాయం? నన్ను కాపాడుమని నేను అడిగిన్నా? నా పక్కన నిలబడుమన్న. దివాకర్ నిలబడలే. మీరు నిలబడ్తరనుకున్న."

దశరథం మంచివాడు. మంచివాడే, ఆ మంచితనంతోనే కోడలి గొంతు నొక్కాడు, అదీ ఆమెకు చెప్పకుండా. దుర్మార్గుణ్ణయితే తిట్టుకుని పోతాం. ఇలాంటివాణ్ణి ఏం చెయ్యాలి?

"అయితే తేలిపోయినట్టే కదా," అన్నాడు అశోక్‌కుమార్ లేవబోతూ.

"తేలలే," అంది శ్రీలత. "తప్పు చేసిన్నని చెప్పింది మామయ్య. ఆయనను తీసెయ్యండి. నా తప్పేం లేదని ఆయనే చెప్పిండు, మీరే విన్నరు. వీడియోల సైగ లేదని సుత చూసిన్రు, గెలిచింది చెల్లుతది. నేను ఆడుత."

ఆమె భుజం మీది కొంగు తీసింది. వెనక నుంచి ముందుకు తెచ్చి, నడుము చుట్టూ తిప్పి, కట్టంగూర్‌లో నాట్లకు దిగే ఆడవాళ్లు దోపుకున్నట్టు బొడ్లో గట్టిగా దోపుకుంది. మామ ముందు, అత్త ముందు. ఆ బల్ల దగ్గరకు పోయి ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరితో ఆడతావమ్మా?" వెంకటనర్సు చిరాకుగా అడిగాడు. "ఎదుటి కుర్చీ ఖాళీ."

రఘుపతి నా వైపు చూశాడు. నేను ఆండాళు వైపు చూశాను.

ఆండాళు మొగుడి దగ్గర ఆగింది.

"ఇంటి మాట బయట చెప్పద్దన్న. అబద్ధం చెప్పుమన్ననా?"

దశరథం లేచి, గోడ పట్టుకుని తలుపు దాకా నడిచాడు. ఆమె ఆయన కోసం ఆగలేదు. బల్ల దగ్గరకు వచ్చి, కోడలికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"ఐదో పేరు ఆమెదే సార్," అన్నాడు రఘుపతి. "మీ దగ్గరనే ఉన్నది."

ఆండాళు నెత్తి మీది కొంగు చివర పట్టుకుని, అశోక్‌కుమార్ కళ్లలోకి చూస్తూ, మెల్లగా, బాగా కనపడేలా ముందుకు గుంజుకుంది.

"చూసినవా సారూ? గుంజిన. నా చేతిల ఒక్క ముక్క లేదు. ఇది ఏం సైగనో చెప్పు."

శ్రీలత రెండు చేతులూ బల్ల మీద పెట్టి, "పంచుండ్రి," అంది. వెంకటనర్సు పేక మీద చెయ్యి వేశాడు గానీ ఇంకా విప్పలేదు.